తాతయ్య రాసిన తేదీ

బ్రోన్విన్,

వీపుసంచులతో బస్సు ప్రయాణాలు మాకు కొత్తన్నావు. మీ అమ్మ పుట్టకముందే ఈ తీరమంతా అలాగే తిరిగాం.

శనివారం క్లబ్బులో బౌల్స్, అదే పచ్చికమీద బంతులు దొర్లించే ఆట ఉందని, ఇంటికి పోదామని మీ తాతయ్య మూడు ఊళ్లుగా సణుగుడు. మేం దిగిన ప్రయాణికుల హాస్టల్లో, అందరూ వాడే ఫ్రిజ్‌లో పెట్టే తిండి సంచిమీద మనం వెళ్లే తేదీ రాయాలి, అది దాటితే ఎవరైనా తినొచ్చు. ఈయన నిన్నటి తేదీ రాశారు. అక్కడే దిగిన జర్మనీ పిల్లలు మా సాసేజీలు వేయించేసుకున్నారు. ఈయన ముఖం చూసి, "రండి తాతగారూ, మీవేగా" అని పళ్లెం పెట్టారు.

తింటూ, అప్పట్లో బైరన్ అనే ఊళ్లో సముద్రపు ఒడ్డున నేను చేప మాడ్చానని వాళ్లకు చెప్పారు. మాడ్చింది తనే. తర్వాత నావైపు తిరిగి, "ఆ ఒడ్డు చూసొద్దామా, నోరీన్?" అన్నారు. ఆ గొంతు విని చాలా ఏళ్లయింది. ఆయన మనసు మారేలోపు టిక్కెట్లు కొనేశాను.

మీ అమ్మకు ముద్దులు. బౌల్స్ క్లబ్బుకు ఫోన్ చేసి, శనివారం జట్టులో తాతయ్య బదులు ఇంకొకరిని వేసుకోమను.

అమ్మమ్మ