రెండుగా కనబడిన పోగు

గురువారం, రాత్రి

మొన్న మగ్గం మీద మళ్లీ ఒకటే పోగు రెండుగా కనబడింది. ఎక్కువ పడిందనుకుని మంచి పోగునే కత్తిరించాను. మగ్గాల మాలక్ ఆ తెగిన పోగును చూసి వెళ్లిపోయాడు. పనిలోంచి తీసేస్తాడేమోనని నా భయం.

ఇవాళ కళ్ల డాక్టరమ్మకు చూపించుకున్నాను. నన్ను చిన్న అక్షరాలు చూడమని, కంటి ముందు అద్దాలు మారుస్తూ, చూపు సర్దుకున్న ప్రతిసారీ రెండు కళ్లూ ఎంత లోపలికి తిరుగుతున్నాయో కొలిచింది.

"చూపు మంచిగనే ఉంది కాకా. దగ్గరివి చూసేటప్పుడు కండ్లు రెండు కలిసి లోపటికి తిరగాలె. మీయి తక్కువ తిరుగుతున్నయి. రోజు కసరత్ చేస్తే ఫరక్ పడ్తది" అంది. మందుకు బదులు మూడు పూసలు గుచ్చిన దారం చేతిలో పెట్టింది. "పూస ఒకటే కనబడాలె. దారం మాత్రం రెండై పూస కాడ కలవాలె. అట్లయితే రెండు కండ్లు కలిసి పనిచేస్తున్నట్టు."

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆవిడ ఒకటే నవ్వు. "పొద్దంత దారాలే, మందు గూడ దారమేనా?"

ఒక కొస కిటికీ ఊచకు కట్టి, ఇంకో కొస ముక్కుకు ఆనించుకుని నడిమి పూసను చూశాను. ముందు పూసే రెండైంది. పట్టు వదలకుండా చూస్తే ఒక్కటైంది, దారాలు రెండై దాని దగ్గర కలిశాయి. ఎంతోసేపు నిలవలేదు. రేపు మగ్గం దగ్గర ఎట్లా ఉంటుందో...

ఇన్నాళ్లూ రెండు కనబడితే ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ మా ఆవిడను కేకేసి మరీ చెప్పాను: "ఇగో, దారాలు రెండు కనబడ్డయే!"