బావ గుండెలో ఇనుప తలుపు

బావా,

ఎట్లా ఉన్నావు అని అడగబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మళ్ళీ ఆషాఢం వచ్చింది. వానలు పట్టుకున్నాయి, మన వాగు మళ్ళీ రోడ్డెక్కింది.

పాప రెండో తరగతికి వచ్చింది. మోటర్లు బాగుచేసే నీ షెడ్డు కిరాయికి ఇచ్చేశాం. స్పానర్లు మాత్రం ఇవ్వనివ్వలేదు అత్త. వాటికి ఆముదం రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద దాచింది. ఎవరికోసమో నేను అడగలేదు.

గోడ గడియారం పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను బావా. ఎందుకంటే... ఆ చప్పుడు. పట్నంలో పెద్దాసుపత్రిలో నీ గుండె కోసి ఇనుప తలుపు పెట్టిన నాటి నుంచి, నీ ఛాతీలో ఆ టిక్కు టిక్కు మనింట్లో ఒకటే మోత. నువ్వు అన్నం తింటున్నా వినపడేది. పాప దాన్ని వింటూనే నిద్రపోయేది. గడియారం పోయింది గానీ చప్పుడు పోలేదు. పట్టపగలు, చేటలో బియ్యం ఏరుతుంటే వినపడుతుంది. చెయ్యి ఆపి చెవి ఒగ్గితే ఆగిపోతుంది. మళ్ళీ చేట కదిలిస్తే మొదలవుతుంది. నాకు పిచ్చి పట్టిందంటావా?

ఆపరేషనై వచ్చిన కొత్తలో నిన్ను చూడటానికి ఊరంతా వచ్చింది, గుర్తుందా? ఒక్కొక్కరికీ ఓపిగ్గా నువ్వే చెప్పేవాడివి. "గుండెకాయ అంటే ఏంది? రెండు మోటర్లు ఒక్కకాడ బిగించినట్టు. కుడి పక్కది నెత్తుర్ని ఊపిరితిత్తులకు తోల్తది. ఆడ గాలి ఎక్కించుకొని వస్తే, ఎడమ పక్కది ఒళ్ళంత తోల్తది. బావిల ఫుట్‌వాల్వు పాడైతే నీళ్ళు ఎనక్కి జారవా? గిదీ గంతే. నా వాల్వు చెడింది, కొత్తది ఏసిండ్రు." వచ్చినవాళ్ళు నీ ఛాతీకి చెవి ఆనించి విని నోళ్ళు తెరిచేవాళ్ళు. నువ్వేమో సర్కసు చూపించినట్టు మురిసిపోయేవాడివి. నాకు ఒళ్ళు మండేది. దిష్టి తగులుతుందని భయం నాకు.

ఆ వాల్వు ఎందుకు చెడిందో కూడా డాక్టర్లను అడిగి తెలుసుకొని వచ్చి నాకు చెప్పావు. చిన్నప్పుడు నీకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి, ఆ వెనక మోకాళ్ళు వాచాయి. అత్త వావిలాకు కట్టు కట్టింది. వాపు తగ్గింది, అందరూ మర్చిపోయారు. నెత్తురులో తెల్లకణాలని కొన్ని ఉంటాయట, ఒంట్లోకి పురుగు దూరితే తరిమేవి. అవి గొంతులోని పురుగును తరిమి, దాని పోలికే కనపడిందని నీ గుండె తలుపుల మీద కూడా పడ్డాయట. ఎర్రకణాలు పాపం గాలి మోసే కూలీలు, వాటి జోలి వాటిది. ఇంకో రకం ఉన్నాయట, మరీ చిన్నవి. గాయమైన చోటికి పరుగెత్తి ఒకదానికొకటి అతుక్కొని నెత్తురు కారకుండా ఆపుతాయి. అవి నీ ఇనుప తలుపును చూసినా గాయమే అనుకుంటాయట. వచ్చి అతుక్కుంటే తలుపు కదలదు. అందుకే నీకు రోజూ నెత్తురు పలచబడే మాత్ర, నెలనెలా ఖమ్మంలో పరీక్ష.

"నా ఒంట్ల దొంగలెవ్వలు లేరే, అందరు కాపలోళ్ళే. ఆళ్ళతోనే నాకు తిప్పలంత" అని నవ్వేవాడివి.

పోయిన ఆషాఢంలో వాగు పొంగి నువ్వు పరీక్షకు పోలేకపోయావు. ఇంటిపట్టున ఉన్నావు కదా, అత్తకు పండగయింది. కోత కోయించుకొని వచ్చిన కొడుకు, బక్కచిక్కిన కొడుకు... ఆషాఢంలో మునగాకు తింటే నెత్తురు పడుతుందని మనకు తాతల నాటి మాట. వానలో తడుస్తూ పోయి కొమ్మలు విరుచుకొచ్చేది. ఒకపూట పప్పు, ఒకపూట వేపుడు, ఒకపూట తెలగపిండి వేసి కూర. నెల పొడుగునా అదే. నువ్వు వద్దనలేదు. "ఇంకింత ఎయ్యమ్మా" అని అడిగి మరీ వేయించుకున్నావు.

నెలాఖరుకు నీ చప్పుడు మారింది. గట్టిగా కొట్టుకునేది కాస్తా గుడ్డ చుట్టినట్టు మూగబోయింది. నీకు చెప్పాను కూడా. "నీ చెవులల్ల గుబిలి పెరిగింది, తీయించుకో పో" అన్నావు. ఆ మర్నాడే షెడ్డులో ఊపిరి ఆడక కూలబడ్డావు. జీపులో ఖమ్మం తీసుకుపోతుంటే, సత్తుపల్లి దాటాక, నా ఒళ్ళో తల పెట్టి "గాలి సాల్తలేదే" అన్నావు. కల్లూరు రాకముందే నీ చప్పుడు ఆగింది. అంత ఇంజను మోతలో కూడా అది ఆగడం నాకు వినపడింది. ఎట్లా వినపడింది బావా?

దినాలయ్యాక, మిగిలిన మాత్రలు ఎవరికైనా పనికొస్తాయని ఖమ్మం డాక్టరుగారికి ఇవ్వడానికి పోయాను. ఆ నెల నువ్వేం తిన్నావని అడిగారు. మునగాకు అన్నాను. రోజూనా అన్నారు. రోజూ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి కింద పెట్టారు. నెత్తురు గడ్డకట్టే గుణం ఆకుకూరల్లో ఉంటుందట. ఎప్పుడన్నా కొంచెమైతే ఫరవాలేదు, పూటపూటా తింటే మాత్ర చేసిన పని ఆకు చెరిపేస్తుందట. పరీక్ష చేయించుకొని ఉంటే తెలిసేదట. తలుపు మీద గడ్డ కట్టి రెక్కను పట్టేసి ఉంటుందన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. ఈ సంగతి ఆపరేషనైన మొదట్లోనే నీకు విడమరిచి చెప్పానన్నారు... నీకు!

అంటే నీకు తెలుసు. తెలిసీ తిన్నావు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. బస్సులో వస్తూ నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, అయినా తిట్టాను. మర్చిపోయావా? ఆకే కదా, ఏమవుతుందిలే అనుకున్నావా? మమ్మల్ని ఎవరిని చూసుకొమ్మని?

నేను ఇల్లు చేరేసరికి ఊళ్ళో ఇంకో మాట పుట్టింది. నేను నీకు మాత్రలు సరిగ్గా వేయలేదట. మేనకోడలని తెచ్చుకుంటే ఆ మేనకోడలే కొంప ముంచిందట. అత్త ఆ మాట తన నోటితో అనలేదు, కాదనీ అనలేదు. నన్ను చంకనేసుకొని తిరిగిన మేనత్త నా చేతి మంచినీళ్ళు ముట్టడం మానేసింది.

నాలుక చివర ఒక్క మాట ఉంది బావా. మునగాకు అంటే చాలు, నా మీది నింద పోతుంది. పోయి ఎవరి మీద పడుతుంది మరి?

ఆరో నెల మాసికం పెట్టిన రోజు చుట్టాలందరి ముందు అత్త నా భుజాలు పట్టుకొని అడిగేసింది. "నిజం చెప్పవే, నా కొడుక్కి ఏం తక్కువ జేసినవ్?" అని. నీకు పెట్టిన విస్తట్లో మునగాకు పప్పు ఉంది. నీకిష్టమని ఆమె ఎవరినీ ముట్టనివ్వకుండా తనే వండింది. అందరూ నా మొహం చూస్తున్నారు. చెప్పేద్దామనే నోరు తెరిచాను, ఒట్టు. నేనెందుకు మొయ్యాలి ఇది? నేనేం పాపం చేశాను? అప్పుడు నా భుజాల మీద ఆమె చేతులు చూశాను. పొద్దుటి నుంచి ఆకు దూసి దూసి గోళ్ళ సందుల్లో పచ్చటి మరకలు.

"మాత్రలు మర్చిపోయిన అత్తా" అన్నాను.

నేను ఒక్కనాడూ మర్చిపోలేదని నీకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?

అత్త కొట్టలేదు, తిట్టలేదు. చేతులు తీసేసి అక్కడే కూలబడింది. ఆ రోజే మా నాన్న నన్ను పుట్టింటికి తీసుకుపోతానన్నాడు. నేను కదల్లేదు. ఆ తర్వాత ఒక ఇంట్లోనే ఉండి, ఒక పొయ్యి మీదే వండుకొని, మాటల్లేకుండా బతికాం అత్తా నేనూ. పాపే మా ఇద్దరి మధ్య కబుర్లు మోసింది. ఆ మౌనంలోనే నీ చప్పుడు మరీ ఎక్కువైంది.

నిన్న ముసురు పట్టింది. అత్త ఎటో పోయి తడిసి ముద్దై వచ్చింది. ఒళ్ళో మునగాకు. ఆకు దూసింది, పప్పు ఉడకేసింది, తాలింపు పెట్టింది. పీట వేసి, "సుగుణా" అని పిలిచింది. అన్ని నెలల తర్వాత నా పేరు ఆమె నోట విన్నాను.

"తినవే. నెత్తురు లేక ఎట్ల పాలిపోయినవ్ జూడు. ఆడు పాయె... నువ్వు గూడ పోతే నాకెవ్వలున్నరు?" అంది. పళ్ళెం నా ముందుకు జరిపి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. నేను ముద్ద కలుపుతుంటే నా నోటి వంకే చూస్తోంది.

నిన్ను నాకు కాకుండా చేసిన కూర అది. గొంతు దిగదనుకున్నాను. పళ్ళెం నెట్టేసి లేచిపోదామనుకున్నాను. తలెత్తి ఆమె మొహం చూశాను బావా. ఆ మొహం చూస్తూ వద్దనడం ఎవరి తరం?

తిన్నాను. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

ఎందుకు తిన్నావు, ఎందుకు తిన్నావు అని ఏడాదిగా నిన్ను నిలదీస్తున్నాను కదా... ఇంక అడగను.

అత్తకు ఎన్నటికీ తెలియనివ్వను. నీ మీద ఒట్టు.

నీ సుగుణ