ముప్పై ఒక్క ఖాళీ గళ్లు

అక్టోబరు 9, గురువారం

అమ్మకు,

ఇవాళ కరెంటు ఆఫీసు తలుపులు తీయగానే ఎదురుగా ఒక ట్యాక్సీ డ్రైవరు, చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఉంది కానీ, ముందు క్షేమం చెప్పకపోతే నువ్వు మిగతాది చదవవు. నేను బాగున్నాను, దగ్గు తగ్గింది. నువ్వూ, మామయ్యా, బేకరీలో అందరూ బాగున్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. వేళకు తింటున్నాను. రెండోది, ఏ వీధిలో ఎంత కరెంటు ఉందో ఫోనులో పటం పెట్టి ఊరందరికీ చూపిస్తే దొంగలకు దారి చూపినట్టు కాదా అని. కాదమ్మా. ఏ ఇంట్లో ఎంత వాడుతున్నారో ఆ పటంలో ఉండదు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా ఎంత మోయగలదో మాత్రమే ఉంటుంది. ఇక్కడ మోయడం అనే అంటారు. ఆ మాట వినగానే దానికి భుజాలున్నట్టు అనిపించి నోటుబుక్కులో రాసుకున్నాను. చోటున్న వీధి పచ్చగా, నిండిన వీధి ఎర్రగా కనిపిస్తుంది. కరెంటు బండి కొనేవాళ్లు ఛార్జర్ పెట్టుకోవచ్చో లేదో ఇంట్లోనే చూసుకోవాలని మా అధికారి మేడమ్ పట్టుబట్టి ఆ పటాన్ని అందరికీ తెరిపించారు.

ఇక డ్రైవరు సంగతి.

"మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నాలుగు నెలలు కాలేదు. ఉన్నవి పది ఇళ్లు. అప్పుడే నిండిపోయిందట. ఏం తింటోందండీ అది?" అన్నాడు.

నవ్వాను. కాగితం రిజిస్టరు తీశాక నవ్వు పోయింది. ఆ వీధికి ఎదురుగా గడి ఖాళీ. అక్కడ ఎవరూ కొలవనే లేదు.

శిక్షణకు వచ్చిన కొత్తలో ఆ రిజిస్టర్లను కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. ఖాళీ గడి వస్తే ఏం చెయ్యాలని అప్పుడు మా గదిలో పెద్దాయనను అడిగాను.

"నిండిందని కొట్టెయ్యమ్మా. చోటుందని రాశామనుకో, రేపది కాలిపోతే మన పీక మీదకొస్తుంది. లేదని రాస్తే అడిగేవాడెవడు?"

ఇక్కడ ఎప్పటినుంచో అదే అలవాటట. ముప్పై ఒక్క గళ్లు అలా నింపాను.

అమ్మా, అందులో మన వీధి ఒకటి.

నువ్వు కొన్న కరెంటు రొట్టెల వ్యాన్‌కు ఛార్జర్ ఇవ్వడం కుదరదని ఆఫీసు కాగితం వచ్చినప్పుడే అది నా చేతి పనేనని నాకు తెలుసు. అయినా, వాళ్లు ఊరికే చెప్పరులే అని నీకు రాశాను. శిక్షణ మధ్యలో పంపించేస్తారని భయం. శనివారం వ్యాన్ వాపసు ఇచ్చేస్తానని నువ్వు రాసిన వాక్యాన్ని రోజూ చదువుతూ కూడా నోరు మూసుకునే ఉన్నాను.

ఇవాళ డ్రైవరును కూర్చోబెట్టి, మేడమ్ గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఆవిడ కేకలు వెయ్యలేదు. ముప్పై ఒక్క వీధులకూ ఎరుపు తీయించి, 'కొలవలేదు' అని అందరికీ కనిపించేలా రాయించారు. ఆ తర్వాత, "మీ వీధి నిజంగానే నిండి ఉంటేనో?" అని అడిగారు.

అది తెలుసుకోవాలని నాకూ చాలా ఉంది. తెల్లవారుజామున అయిదు బేకరీల కరెంటు పొయ్యిలూ ఒక్కసారి వేడెక్కుతుంటే మన ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోస్తోంది? మధ్యాహ్నం అవి చల్లారి, నీ వ్యాన్ గుమ్మం ముందు ఊరికే నిలబడి ఉండే వేళ ఎంత మిగులుతోంది? ఆ వీధిలోనే పెరిగాను, ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషి మా లైన్‌మన్, నిచ్చెన బాబాయి. ఈ సాయంత్రమే స్తంభానికి చిన్న పెట్టె బిగిస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోస్తోందో రేపంతా గంటగంటకూ అదే రాసుకుంటుంది. శనివారానికి ముందే సంగతి తేలిపోతుంది. పొయ్యిలు ఆపేస్తే అంకె తక్కువొస్తుంది కదా అని మామయ్య అంటాడు, నాకు తెలుసు. వద్దని చెప్పు. ఆ అంకెను నమ్మి తర్వాత పక్క బేకరీ ఆయన కూడా బండి కొంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయలేక కాలిపోతుంది. అందుకని ఈ పూటే మిగతా నాలుగు బేకరీల వాళ్లకూ చెప్పి, రేపు ఉదయం అయిదింటికి ఎప్పటిలాగే పొయ్యిలన్నీ వేయించు.

ఇట్లు,
మన వీధికి ఎరుపు వేసిన
నీ పెద్దమ్మాయి