మేనకోడలి రెండేళ్లు

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం తిండి తిని తిరుగుతున్నాం.

మా అమ్మాయికి విశ్వవిద్యాలయంలో రావలసిన పరిశోధన ఫెలోషిప్ ఆగింది. ఇంజనీరింగ్ పట్టా అందిన ఐదేళ్లలోపే ఇస్తారట. మంచాన పడ్డ మన అమ్మకు అది మీ ఇంట్లో సేవ చేసిన రెండేళ్లు మినహాయిస్తారు గానీ, ఇంటిపెద్ద ఉత్తరం కావాలి. నీ ఉత్తరం చదివి గుమస్తా, "మేనకోడలు సరదాగా వచ్చి ఉండి వెళ్లిందని రాశారేంటమ్మా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తల్లిని చూసుకున్న కొడుకన్న పేరు పోతుందనా అలా రాశావు?

అమ్మ గది అలమర పైఅరలో మందుల పుస్తకం ఉంది. రెండేళ్లూ పూటపూటకీ ఇచ్చిన మందులు అందులో రాసింది అమ్మాయే. అది చూపిస్తే ఒప్పుకుంటామన్నారు. పన్నెండో తేదీలోగా పంపు. ఇక నీ మాట అక్కర్లేదు, దాని చేతిరాత చాలు.

అమ్మకు మందులు ఇప్పుడెవరిస్తున్నారో కూడా తెలియజెయ్యి. మరదలిని అడిగానని చెప్పు.