మీరు చెప్పిన హద్దు

ఏమండీ,

మీ ఆఖరి రోజుల ఆసుపత్రి బిల్లు డబ్బు కోసం ఇవాళ మళ్లీ ట్రెజరీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా ఒకప్పుడు మీ దగ్గర ఎకనామిక్స్ చదువుకున్నవాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "గవర్నమెంటు అప్పుకి సట్టంలో పెట్టిన లిమిట్ అయిపోనాదమ్మా. బిల్లులన్నీ ఆపేసేరు. నేనేటి సెయ్యగలను?" అన్నాడు.

నేను లేవకపోయేసరికి నేల చూస్తూ, "తోటలో ఉన్న సెరుకుని బట్టే సావుకారు రైతుకి అప్పియ్యాల, గవర్నమెంటుకీ అలాటి హద్దుండాలని మేస్టారే సెప్పేవోరు కదమ్మా" అన్నాడు.

ఆ చట్టం వచ్చిన రోజు మీరు క్లాసంతా అనకాపల్లి బెల్లం పంచారు. ముక్కలు కొట్టి పొట్లాలు కట్టింది నేనే.

మీ పాఠం తప్పని అనడానికి నాకు నోరు రాలేదు. వచ్చే నెల వస్తానని చెప్పి, మీ కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.