వెండిమాను కాని మొక్క

చిట్టితల్లికి,

అమ్మ ప్రేమతో దీవించి రాసేది. నేనూ మీ నాన్నా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందనీ, కొత్త గదికి కిటికీ అద్దం వేయించారనీ తలుస్తాను. గాజు ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల గదికి అద్దం లేకపోవడమేమిటని మీ నాన్న ఒకటే నవ్వు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, పొయ్యి మీద పాలు పెట్టానన్న వంకతో లేచిపోవడం, ఇదే పనైంది నాకు. నువ్వు అడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను. వంటింటి కప్పు కారడం ఆగింది. మేస్త్రీ వేసిన అతుకు మాత్రం పన్నునొప్పికి చెంపన కట్టు కట్టుకున్నట్టుంది. కింద వాటా దర్జీ వాళ్ళ పెద్దమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఆయన ఆ సంతోషంలో నా జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపుకి కుట్టేశాడు. నువ్వు పంపిన శాలువా వెచ్చగా ఉంది. పేరుకి మీ నాన్నది, కప్పుకునేది నేను.

ఇక రెండు సంగతులు మిగిలాయి. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. అది చివర రాస్తాను. కొండ మీద మొక్కలు ఎంత ఎదిగాయో ఫోటో తీసి పంపు, ఫ్యాక్టరీలో అందరూ అడుగుతున్నారు అని రాశావు. ఫోటో పంపలేనమ్మా. అక్కడ మొక్కలు లేవు. పీకేశాం.

నువ్వు మీ వాళ్ళకి చెప్పిందంతా నిజమే. వెండిమాను మన కొండ మీద తప్ప ఎక్కడా పుట్టదు. పడవల కలపకని నరికి నరికి, మనిషి చెయ్యి అందని అంచున నాలుగు చెట్లు మిగిల్చారు. వాటి గింజలతో మళ్ళీ వనం లేపాలని మందుల షాపాయన పూనుకోవడం, ఆదివారం వచ్చేసరికి అందరూ గునపాలు పట్టుకుని కొండకి బయల్దేరడం, మీ ఫ్యాక్టరీ వాళ్ళలా చందా ఇచ్చిన ఒక్కో దాత పేరున ఒక్కో మొక్క నాటడం, ఇందులో ఎక్కడా అబద్ధం లేదు. అబద్ధం గింజలో ఉంది. ఆ గింజలు తెచ్చింది నేను.

టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక నన్ను ఏదైనా అడిగినవాళ్ళు లేరు. అలాంటిది ఈ వనం కోసం పెట్టిన సంఘంలో అందరూ నా చుట్టూ చేరారు. చిన్నప్పుడు ఆ కొండ కిందే పెరిగాను కదా, వెండిమాను గురించి నేను చెప్పిందే వేదం. నాకు 'మానమ్మ' అని పేరు కూడా పెట్టారు. పిలిస్తే ఒళ్ళు పులకరించేది. గింజల బాధ్యత నాదేనన్నాను. తీరా కాయలు పండే రోజుల్లో ఆ అంచు దాకా ఎక్కలేకపోయాను. సగం దారిలో ఆయాసం వచ్చి కూలబడ్డాను. వేరే ఎవరినైనా పంపమని అడగడానికి నోరు రాలేదు. దిగి వస్తుంటే పాత రైల్వే క్వార్టర్ల వెనక అచ్చం అలాంటి చెట్టే కనబడింది. కింద రాలిన కాయలతో సంచి నింపుకున్నాను. కొండ మీదవేనని చెప్పాను.

తెలియక చేశానని రాయబోయి ఆగాను. వెండిమాను ఆకు వెనక తెల్లటి నూగు ఉంటుంది. క్వార్టర్ల చెట్టు ఆకుని బొటనవేలితో రుద్ది చూశాను. నున్నగా ఉంది. లేతాకులేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొక్కలు ఏపుగా పెరిగాయి. మందుల షాపాయన వచ్చినవాళ్ళందరికీ, "అంతా మా మానమ్మ చేతి చలవ" అని చెప్పేవాడు. ఈ ఏడు అవి మొగ్గ తొడిగాయి. వెండిమాను అంత పసితనంలో పూయదు. పూసినా తెల్లగా పూస్తుంది. వీటి మొగ్గలు పసుపు. చెట్ల మీద పరిశోధన చేసే ఆవిడని పిలిపించారు. ఆవిడ ఒక్క ఆకు తిప్పి చూసి, "ఇవి పార్కుల్లో వేసే పరాయి జాతండీ. ఇవి పూశాయంటే పుప్పొడి పైకెళ్ళి ఆ నాలుగు చెట్ల గింజల్నీ కల్తీ చేస్తుంది. మొగ్గ విచ్చకముందే తీసెయ్యాలి" అంది.

పీకే రోజు బస్సు డ్రైవరు గారు వచ్చారు. భార్య పోయాక ఆవిడ జ్ఞాపకంగా ఒక మొక్కకి చందా ఇచ్చి, ఏ ఆదివారమూ మానకుండా నీళ్ళు పోసిన మనిషి. "అమ్మా, దీన్ని కుండీలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోనా?" అని అడిగారు. అక్కడ పూసినా ప్రమాదమేనని పరిశోధన ఆవిడ మెల్లిగా చెప్పింది. ఆయన, "దీనికి ఇంటి కబుర్లన్నీ చెప్పేవాణ్ణి" అన్నారు. తర్వాత ఆయనే వంగి, వేరు తెగకుండా, పసిబిడ్డని ఎత్తినట్టు పైకి తీశారు. నేను పక్కనే ఉన్నాను. నీ మొక్క, మీ ఫ్యాక్టరీ వాళ్ళ మొక్కలు నేనే పీకాను. అన్నిట్లోకీ నీదే బలంగా ఉంది. చేతులు బొబ్బలెక్కాయి. బాగా అయిందనిపించింది.

ఇప్పుడు మోకాలి సంగతి. మీ నాన్న మోకాలికి ఏమీ కాలేదు. నీకు రాసింది అబద్ధం.

మొక్కలు నాటిన రోజు, అందరూ ఉండగా, ఆయన ఒక మొక్క చేతిలోకి తీసుకుని, "ఏమేవ్, దీని ఆకు వెనక నూగు లేదేమిటి?" అని అడిగారు. ఊరికే అడిగారు. దొరికిపోతానన్న భయంలో అనేశాను: "పెట్టిన ప్రెస్సు నిలబెట్టలేకపోయారు గానీ ఇప్పుడు చెట్లు నిలబెడతారట!" అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వారు. ప్రెస్సు మూతపడ్డాక ఆయన ఎన్నాళ్ళు గదిలోంచి బయటికి రాలేదో నీకు తెలుసు. మనింట్లో ఆ మాట ఎవరమూ ఎత్తం. నేను నలుగురిలో ఎత్తి నవ్వించాను. ఆ ఆదివారం తర్వాత ఆయన కొండకి రాలేదు. ఎవరడిగినా మోకాలు నొప్పన్నారు. నేనూ అదే పాట పాడాను.

మొక్కలన్నీ పీకాక అందరూ చెట్టు నీడన కూర్చుని ఉంటే లేచి నిలబడ్డాను. గింజలు ఎక్కడివో చెప్పాను. ఆకు రుద్ది చూశానని చెప్పాను. "ఆ రోజు మావారు అడిగింది సరైన ప్రశ్న. నా తప్పు బయటపడుతుందని ఆయన్ని నవ్వులపాలు చేశాను" అన్నాను. మందుల షాపాయన నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత నన్నెవరూ మానమ్మ అనలేదు.

మీ నాన్న ఆ రోజు ఎవరూ పిలవకుండానే గునపంతో వచ్చారు. ఇంటికి నడుస్తున్నప్పుడు, "క్షమించండి" అన్నాను. ఆయన వీధి మలుపులో ఆగి, "చెట్టు సంగతి నాకూ తెలీదే. తెలీకే అడిగాను. కానీ నువ్వు అంత మాట అంటావనుకోలేదు" అన్నారు. అంతే. కోప్పడి ఉంటే బాగుండేది.

నీ తోటివాళ్ళకి ఈ ఉత్తరం చదివి వినిపించు. తెగులు వచ్చి పోయాయని చెప్పి నన్ను కాపాడకు. ఈసారి ఎక్కగలిగినవాళ్ళే అంచు దాకా వెళ్ళి అసలు చెట్ల గింజలు తెచ్చారు. ఆ మొక్కలకి మళ్ళీ వాళ్ళ పేర్లు పెట్టాలో వద్దో వాళ్ళనే అడిగి రాయి. వద్దంటే బతిమాలకు.

నాకిప్పుడు ఆ గింజలు వేసే సంచుల్లో మట్టి నింపే పని ఇచ్చారు. మానేసి ఇంట్లో కూర్చోవాలనే ఉంటుంది. బస్సు డ్రైవరు గారు ఎదురైతే తలెత్తలేను. అయినా వెళ్తున్నాను. మీ నాన్న కూడా వస్తున్నారు, కాకపోతే నాకు కాస్త ఎడంగా కూర్చుంటారు. నిన్న ఒక సంచిలో మొలక లేచింది. ఆయన వంగి చూసి, చాలా రోజుల తర్వాత తనంతట తానే నన్ను పిలిచి, "ఇది మనదేనంటావా, గడ్డి మొక్కా?" అని అడిగారు.

అందరూ నా వైపు చూశారు. "నాకు తెలీదండీ" అన్నాను.

ఆయన పక్కనున్న పీట నా వైపు జరిపి, "అయితే కూర్చో. ఇంకో రెండాకులు వెయ్యనీ, చూద్దాం" అన్నారు.

ఇట్లు,
నీకు ముఖం చూపలేక కాగితం మీద చెప్పుకున్న
మీ అమ్మ