బావి పుస్తకం ఇప్పుడే ఇవ్వను

గౌలిపుర,
12 మే 1973

గ్రంథాలయ అధికారి గారికి,

మీ మూడో నోటీసు అందింది. పాత బావులను బాగుచేసుకోవడం గురించిన పుస్తకం నేను తీసుకున్న మాట నిజమే. కానీ ఇప్పుడే తిరిగి ఇవ్వను.

మా గల్లీ బావిని పేడతో, చెత్తతో నింపింది మేమే. ఈ ఎండాకాలం నల్లా బంద్ అయి, బర్రెలకు కూడా నీళ్లు దొరకలేదు. అప్పుడు పాలమ్మే ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆ పుస్తకం చదివి వినిపించాను. సగం వినగానే ముసలి ఆగమ్మ లేచి కొంగు బిగించింది.

"సదివింది సాలు బిడ్డా, ఇగ తట్టలు తేండ్రి!"

"పుస్తకం సూసి బావి తవ్వుతరా?" అని నవ్విన మగవాళ్లు నాలుగో రోజుకు తాడు పట్టారు. ఇరవై రెండో రోజు నీళ్లు ఊరాయి. బురద నీళ్లే, అయినా బర్రెలు కడుపునిండా తాగాయి.

పుస్తకం ఇప్పుడు పక్క గల్లీలో, హలీమా బీ ఇంట్లో ఉంది. ఆమెకు తెలుగు రాదు. రోజూ నేనే వెళ్లి చదివి, ఉర్దూలో చెబుతున్నాను. వాళ్ల బావి సగమే అయింది.

నా కార్డు రద్దు చేస్తామని రాశారు. చేసుకోండి. పుస్తకం కావాలంటే మాత్రం నోటీసు కాదు, మీరే రండి. అక్కడ చదవడానికి నేనున్నాను, మట్టి మోసేవాళ్లే తక్కువయ్యారు.

ఇట్లు,
గౌలిపుర పాఠకురాలు